ముప్పై ఏళ్లుగా బాగవుతున్న మోపెడ్

ఈమధ్య ఒక శనివారం పొద్దున మా ఇంట్లో బ్లూబెర్రీల దగ్గర గొడవైంది. మా ఆయన ఇల్పో ఓట్స్ జావలోకి బ్లూబెర్రీలు కావాలని ఫ్రీజర్లోంచి డబ్బా తీశాడు. మూత తెరిచి, చూడకుండా గిన్నెలోకి వంచాడు. జావలో దబ్బుమని రెండు నూనె కాగితపు పొట్లాలు పడ్డాయి.

"మెర్యా! ఇవేంటి?"

"బేరింగులు."

"బేరింగులని నాకూ కనిపిస్తోంది. తినే వాటిలో ఎందుకున్నాయంటున్నా!"

"చల్లబడాలి కదా మరి. తీసేముందు డబ్బా మీద చదవొద్దూ?"

"డబ్బా మీద బ్లూబెర్రీలనే రాసుంది!"

"అది పోయినేడాది రాసింది."

పాఠకులారా, తప్పెవరిదో మీరే తేల్చుకోండి. పొట్లాలు విప్పుకోలేదు, బేరింగులకు జావ అంటలేదు, నాకంతే చాలు. నేను చెప్పదలచుకున్నది వేరు. ప్రతి ఇంటికీ ఒక పాత మోపెడ్ ఉండి తీరాలి. అయితే అది నడవకూడదు!

ఆశ్చర్యపోతున్నారా? నడిచే బండిదేముంది, ఎవరైనా కొనుక్కుంటారు. నడిపి, అరగదీసి, అమ్మేస్తారు. దాంతో వాళ్లకు బంధం ఎక్కడిది? నడవని బండి అలా కాదు. అది మనల్ని వదిలిపోదు. వదిలిపోవాలంటే ముందు స్టార్ట్ కావాలి కదా!

నా ఎర్ర మోపెడ్‌ను పదిహేనో ఏట కొన్నాను. వేసవంతా స్ట్రాబెర్రీ తోటలో నడుం వంచి సంపాదించిన బండి. ఆ వేసవీ, ఆ మరుసటి వేసవీ మా సరస్సు ఒడ్డు దారులన్నీ దాని మీదే తిరిగాను. తర్వాత కాలేజీ, పెళ్లి, కాపురం, కూతురు. బండి షెడ్డులోకి వెళ్లింది. అప్పటినుంచి దాన్ని బాగు చేస్తూనే ఉన్నాను. నేను చదివింది రసాయనశాస్త్రం. ఇనుముకు తుప్పు ఎందుకు పడుతుందో సమీకరణం రాసి చూపించగలను. పట్టకుండా ఆపడం మాత్రం కాలేజీలో చెప్పలేదు.

దానికి పేరు ఎందుకు పెట్టలేదని కొందరు అడుగుతుంటారు. పేరు పెడితే పిలిచినప్పుడు పలకాలి. మా ఇద్దరి మధ్యా అలాంటి బలవంతాలు లేవు.

ఇక లాభాలంటారా? మొదటిది భద్రత. ఇన్నేళ్లలో నా మోపెడ్ ఒక్క మనిషిని గుద్దలేదు. ఒక్కసారి జారిపడలేదు. దాన్ని ఆపి కాగితాలడిగిన పోలీసు లేడు. దాని నుంచి వెలువడిన పొగ, మా ఇల్పో ఒక్క సాయంత్రం సాసేజీలు కాలిస్తే వచ్చే పొగలో పదో వంతు ఉండదు. పర్యావరణానికి ఇంతకన్నా సేవ చేసిన వాహనం మా జిల్లాలో ఇంకొకటి ఉంటే చూపించండి!

రెండోది వంశాభివృద్ధి. పాత మోపెడ్‌కు విడిభాగాలు దొరకవు. కాబట్టి దాన్ని బతికించడానికి అలాంటిదే మరో మోపెడ్ కొన్నాను, విప్పి భాగాలు తీసుకుందామని. తీరా తెచ్చి చూస్తే అది మొదటిదానికన్నా బాగుంది. అంత మంచి బండిని విప్పడానికి ఏ తల్లికి చేతులొస్తాయి? దాన్ని కూడా బాగుచేద్దామని మూడోది కొన్నాను. ఇప్పుడు షెడ్డులో మూడున్నాయి. మూడింటికీ కలిపి ఎడమ అద్దాలు బోలెడు, కుడి అద్దం ఒక్కటీ లేదు. ఈ భూమ్మీద కుడి అద్దాలన్నీ ఎవరి షెడ్డులో ఉన్నాయో ఆ మనిషి దొరికితే ఆమెతో నాకు చాలా మాట్లాడేది ఉంది. ఆమె అనే అంటున్నాను, గమనించండి. మగవాళ్లయితే ఈపాటికి గొప్పలు చెప్పుకునేవారు.

మూడోది సంఘంలో గౌరవం. ఎవరింటికైనా కాఫీకి వెళ్తే మా బండి ఎరుపు అసలైన ఎరుపా, తర్వాత పూసిన ఎరుపా అన్న విషయం మీద గంటసేపు మాట్లాడగలను. మాట్లాడాను కూడా. ఈమధ్య కాఫీకి పిలిచేవాళ్లు తగ్గారు. వాళ్లకు తీరిక లేక అనుకుంటాను.

ఇన్ని లాభాలున్నా పక్కింటి కౌకో మాత్రం ఒప్పుకోడు. ఏటా జులైలో మా ఊరి పాత మోపెడ్ల వాళ్లందరినీ వెంటేసుకుని సరస్సు చుట్టూ తిప్పుకొస్తాడాయన. మూడు రోజులు గుడారాల్లో పడుకుంటారు, చేపలు పడతారు, దోమలతో పోట్లాడతారు. పక్కన పోయే సైకిల్ కూడా వాళ్లను దాటిపోతుందని చెప్పుకుంటారు. ప్రతి ఏడాదీ నన్ను రమ్మంటాడు. వచ్చే ఏడాది అంటాను. ఈసారి కొట్లో కనబడి పాలడబ్బా చేత్తో పట్టుకునే అడిగాడు:

"ఏం మెర్యా, ఈ 'వచ్చే ఏడాది' అనేది ఏ నెలలో పడుతుందో చెప్పు. క్యాలెండర్లో గుర్తు పెట్టుకుంటా."

"క్రాంక్ బేరింగులు మార్చాలి కౌకో. అవయ్యాక వస్తా."

"పోయినేడు క్లచ్ అన్నావు."

"క్లచ్ అయిపోయింది."

"అయితే బేరింగుల తర్వాత ఏంటో ఇప్పుడే చెప్పేయ్. ఇంకోసారి అడిగే శ్రమ తప్పుతుంది."

నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొస్తుంటే దారి పొడవునా ఆ నవ్వు నా మూతి మీద అలాగే ఉండిపోయింది, తీయడం మరిచిపోయిన అప్రాన్‌లా. ఆ సాయంత్రమే బేరింగులు ఫ్రీజర్లో పెట్టాను.

ఎందుకో చెప్తాను. బేరింగును ఇంజన్ కేసులో కూర్చోబెట్టాలంటే సుత్తితో కొట్టేవాళ్లున్నారు. అది మోటుపని. చలికి బేరింగు కాస్త ముడుచుకుంటుంది. వేడికి కేసు కాస్త విప్పారుతుంది. రెండూ ఒకే క్షణంలో కలిస్తే దెబ్బ పడకుండా దానంతటదే దిగుతుంది. చలికి ఫ్రీజరుంది. మరి వేడికి? ఇంజన్ కేసును రొట్టెలు కాల్చే ఓవెన్‌లో పెట్టను, నాకూ పద్ధతులున్నాయి. శనివారం సాయంత్రం మా ఇంట్లో నీళ్లు మరిగేంత వేడిగా ఉండే గది ఇంకొకటి ఉంది కదా!

ఆవిరిస్నానం చేసే ఆ సౌనా గది పొయ్యిలో కట్టెలు అంటించి, అన్నిటికన్నా వేడిగా ఉండే పైమెట్టు మీద శుభ్రమైన తువ్వాలు పరిచి, ఇంజన్ కేసు రెండు సగాలనూ పక్కపక్కనే పడుకోబెట్టాను. చూడముచ్చటగా ఉన్నాయి. ఒక్కటే మరిచిపోయాను. పైమెట్టు మా అత్తగారు హిల్కాది. ఆవిడ మా పెరటి చిన్నింట్లో ఉంటుంది. ఎనభై దాటినా శనివారం సౌనాకి అందరికంటే ముందొస్తుంది.

"ఎవరమ్మా వీళ్లు?" అంది తలుపు తీసి. "నాకంటే ముందే వచ్చి నా చోట్లో పడుకున్నారు."

"ఇంజన్ కేసులు. కాసేపు ఓర్చుకుంటే చాలు. నీళ్లు మాత్రం చల్లకు, తడుస్తాయి."

"రాళ్ల మీద నీళ్లు చల్లకపోతే ఇది సౌనా ఎలా అవుతుంది? పొయ్యవుతుంది."

"ఒక్క పది నిమిషాలు."

హిల్కా తన జీవితంలో మొదటిసారి కింది మెట్టు మీద కూర్చుంది. చెమట తుడుచుకుంటూ కేసులవైపు చూస్తూ, "నాకు చెమటపట్టిందిగానీ వాటికి ఇంకా పట్టలేదు. బాగా పెంచావు," అంది.

నేను ఒంటికి తువ్వాలు, చేతులకు ఓవెన్ గ్లౌజులు వేసుకుని వంటింట్లోకి పరుగెత్తాను. ఫ్రీజర్లోంచి పొట్లాలు తీసుకుని మళ్లీ పరుగెత్తాను. వరండాలో ఇల్పో దారిచ్చాడు. ఏమీ అడగలేదు. మా పెళ్లయిన తొలిరోజుల్లోనైతే అడిగేవాడే.

బేరింగును కేసు మీద పెట్టాను. టుక్! తలగడ మీద తల పెట్టినట్టు కూర్చుంది. రెండోది కూడా టుక్! సుత్తి లేదు, దెబ్బ లేదు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. సౌనాలో అదెవరికీ కనబడదు.

"అంతేనా?" అంది హిల్కా. "ఇన్నేళ్లూ దీనికోసమా?" అని మగ్గెడు నీళ్లు తీసి రాళ్ల మీద కొట్టింది. కేసులు పట్టుకుని బయటపడ్డాను. ఆ రాత్రి ఇంటిల్లిపాదీ టూ స్ట్రోక్ ఇంజన్ ఆయిల్ వాసనతో నిద్రపోయాం.

మరుసటి వారంలో ఇంజన్ బిగించాను, పెట్రోలు పోశాను, స్టాండు మీదే పెడళ్లు తొక్కాను. దగ్గింది. మళ్లీ తొక్కాను. తుమ్మింది. మూడోసారి తగరపు డబ్బాలో కందిరీగల గుంపును బంధించినట్టు ఒక గోల! నీలం పొగ! అదిరే హ్యాండిల్! పాఠకులారా, నా మోపెడ్ నడుస్తోంది!

ఇల్పో, మా అమ్మాయి పిహ్లా, హిల్కా, ముగ్గురూ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. చప్పట్లు కొడతారనుకున్నాను.

"బాగుంది," అన్నాడు ఇల్పో. కొంచెం ఆగి, "చాలా బాగుంది. కానీ ఇంత చేసినదానివి, చక్రాల బేరింగులు కూడా ఒకసారి విప్పి చూసుకుంటే..." అన్నాడు.

"రంగు కూడా వెలిసింది కదమ్మా," అంది పిహ్లా. "మొత్తం ఊడదీసి మళ్లీ రంగేస్తే భలే ఉంటుంది. అసలు ఎరుపే!"

నా గుండె నిండిపోయింది. ఎంత ప్రేమ నా బండి మీద! పదిహేనేళ్ల పిల్లకు అసలు ఎరుపు గురించి పట్టింపుందంటే ఎవరి పెంపకం? షెడ్డులోకి వెళ్లి పానా చేతిలోకి తీసుకున్నాను కూడా. ముందు చక్రం నట్టుకు తగిలించాను కూడా. అప్పుడు వంటింటి కిటికీలోంచి మాటలు వినబడ్డాయి.

"నాన్నా, అమ్మ నిజంగానే కౌకో వాళ్లతో వెళ్తుందా? శనివారం నాకు మ్యాచ్ ఉంది. నన్నెవరు దింపుతారు? నా జెర్సీ ఎక్కడుంటుందో కూడా నాకు తెలీదు."

"వెళ్లదులే. ఏదో ఒకటి విప్పుతుందిగా. ఎప్పుడూ అంతేగా."

"ముమ్మో, నువ్వు చెప్పు, వెళ్తుందా?" అని నానమ్మను అడిగింది పిహ్లా.

"శుక్రవారం నన్ను గోళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానంది," అంది హిల్కా ఆలోచనగా. "ఒరే ఇల్పో, చక్రాలు చాలవురా. రెండు రోజుల్లో బిగించేస్తుంది. కార్బురేటర్ సంగతి ఎత్తు. కార్బురేటరైతే మంచు పడేదాకా తేలదు."

నేను నట్టు మీద పానా ఉంచి అలాగే కూర్చున్నాను. కోపం రావాలి కదా? ముందు వచ్చింది గౌరవం. హిల్కాకు మోపెడ్ల గురించి ఇంత తెలుసని నాకిన్నాళ్లూ తెలియదు! తర్వాత మెల్లగా ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. క్లచ్ విప్పమన్నది ఎవరు? ఇల్పో. అది పిహ్లా ఆపరేషన్ ఏడాది, బయటికి వెళ్లే వీల్లేదు. అంతకుముందు పెట్రోలు ట్యాంకు? హిల్కా తుంటి విరిగిన వేసవి, తుప్పు వాసనొస్తోందని ఆవిడే అంది. పోనీ, వాళ్లు అన్నారే అనుకుందాం, విప్పింది ఎవరు? పానా పట్టుకుని ఎవరి అనుమతీ అడక్కుండా ఉత్సాహంగా పరుగెత్తింది ఎవరు?

కాబట్టి నేను మొదట్లో అన్న మాట వెనక్కి తీసుకోవడం లేదు. నడవని మోపెడ్ దీవెనే. ఎవరికి అన్నదొక్కటే ఇన్నాళ్లూ అడగలేదు. నా మోపెడ్ నడవనంత కాలం మా ఇంట్లో మిగతావన్నీ నడిచాయి. వంట నడిచింది, ఉతుకు నడిచింది, మ్యాచులు, గోళ్లు, జెర్సీలు అన్నీ టైముకి నడిచాయి. ఒక్క బండి ఆగితే ఇన్ని నడుస్తాయని ఏ ఇంజనీరైనా కనిపెట్టాడా?

పానా గోడకు తగిలించి, చేతులు కడుక్కుని, కౌకోకు ఫోన్ చేసి వస్తున్నానన్నాను. "నీ 'వచ్చే ఏడాది' జులైలోనే పడిందన్నమాట," అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలకు కూర్చున్నాం. వెన్న రాసిన కొత్త బంగాళాదుంపలు, సరస్సు చేపల వేపుడు. ఇల్పో రెండు దుంపలు తిని, గొంతు సవరించుకుని, నావైపు కాకుండా ఉప్పు సీసావైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"మెర్యా, నాకెందుకో ఆ కార్బురేటర్ చప్పుడు కాస్త తేడాగా..."

హిల్కా చేప ముల్లు తీయడంలో మునిగిపోయింది. పిహ్లా నీళ్లు తాగుతూనే ఉంది.

"తేడా ఏం లేదు," అన్నాను. "శుక్రవారం పొద్దున కౌకో వాళ్లతో బయలుదేరుతున్నాను. ఆదివారం రాత్రికొస్తాను."

ఫోర్కులు ఆగాయి.

"అమ్మా, నా మ్యాచ్!"

"నాన్నకు కారుంది."

"నా గోళ్లు?" అంది హిల్కా.

"అదే కారు."

ఇల్పో ఫోర్కు కింద పెట్టాడు. "సరే వెళ్లు. కానీ దారిలో ఎక్కడో అడవిలో ఆగిపోతే ఏం చేస్తావు?"

"అక్కడే కూర్చుని బాగు చేసుకుంటాను. ముప్పై ఏళ్లుగా నేర్చుకున్నది అదొక్కటే కదా," అన్నాను, దుంపల గిన్నె ఆయన ముందుకు జరుపుతూ. "ఇంట్లో ఏదైనా ఆగిపోతే మాత్రం నాకు ఫోన్ చేయకండి. మోపెడ్ చప్పుడులో వినబడదు."