చాకిరి లేని కుక్క

ఆదివారం పొద్దున్నే కోరుట్లకు వెళ్లి కుక్కపిల్లను తేవాలని ఆనందం ఇంట్లో తీర్మానమైంది. తీర్మానం చేసింది ముగ్గురు: సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డు నడిపే ఆనందం, ఇంటర్ చదివే కొడుకు చందు, తొమ్మిదో తరగతి కూతురు స్వప్న. ఆనందం భార్య రమను ఎవరూ అడగలేదు. ఆ ఇంటికి ఏది వచ్చినా దాని చాకిరి చివరికి రమ నెత్తినే పడుతుంది, అడిగితే వద్దంటుంది. వెనకటికి చేపల తొట్టి అట్లాగే వచ్చింది. చేపలు పోయాయి, తొట్టిలో ఇప్పుడు ఉల్లిగడ్డలున్నాయి.

రోజు మొత్తంలో రమకు తనదంటూ మిగిలింది ఒక్కటే. పొద్దున మగ్గాలు మొదలుకాకముందు, గడప మీద కూర్చుని వేడివేడిగా తాగే చాయ్. పిల్లల పాలసీసాలు, బడి డబ్బాలు అన్నీ దాటి ఇన్నేళ్లకు దక్కిన చాయ్ అది.

"నా చాయ్ కాడికి కుక్క అచ్చిందంటే, దాన్నీ మిమ్ములనూ ఒక్క తాడుకే కట్టి బయటేస్త," అని ముందే చెప్పింది.

"అరే, చిన్నదే రమా! ఫోన్ల అన్నీ చూసిన," అన్నాడు ఆనందం. నూలు కొనేటప్పుడు కండె చేత్తో పట్టుకుని చూడని మహానుభావుడు, కుక్కల మీద మాత్రం వారం రోజులు వీడియోలు చూశాడు. "లాబ్రడార్ దూడ లెక్క పెరుగుతది. పగ్ గురక పెడ్తది. పమేరియన్‌ది మొరుగుడే మొరుగుడు. గీ షిట్జూ అయితే ఒళ్లె కూసుంటది, బొచ్చు రాలది. చాకిరే లేదు."

"చాకిరి లేకుంట ఒళ్లు పెంచేటోనివి గీ ఇంట్ల నువ్వొక్కనివే అనుకున్న. ఇంకోటి అస్తుందా?" అంది రమ.

కోరుట్లలో కుక్కలమ్మే కొమురెల్లి కూడా అదే పాట పాడాడు. "అన్నా, గిది ఇంట్ల ఉన్నట్టే తెల్వది." నిజమే, అమ్మేవాడి ఇంట్లో ఏ కుక్కా ఉన్నట్టు తెలియదు. స్నానం నేనంటే నేనని, తిండి నేనంటే నేనని చందు, స్వప్న ఒట్లు పెట్టుకుని, మల్లెపువ్వులా తెల్లగా ఉన్న దాన్ని ఎత్తుకుని మిల్కీ అని పేరు పెట్టారు. వేములవాడ దాటకముందే మిల్కీ కారులో కక్కింది. ఒట్లు పెట్టిన ఇద్దరూ ముక్కులు మూసుకుని ఫోన్లలోకి తలలు దూర్చారు.

ఇంటికి రాగానే రమ కొంగు నడుముకు దోపుకుని చందు చేతికి బకెట్ ఇచ్చింది. వాడు కుక్క మీద నాలుగు చెంబులు గుమ్మరించాడు. అంతలో ఫోన్ మోగింది, వాడు అటు పోయాడు, తడికుక్క ఇటు షెడ్డులోకి పోయింది. అక్కడ అంజన్న మాల వేసుకునే స్వాముల కోసం నేసిన కాషాయం కండువాలు కుప్పగా పడి ఉన్నాయి. అగ్గువకు వస్తుందని ఆనందం ఎక్కడో అద్దించిన కచ్చా రంగు వాటిది. మిల్కీ ఆ కుప్పలో తనివితీరా పొర్లి, తోక నుంచి మూతి దాకా కాషాయమై వాకిట్లోకి వచ్చింది.

సరిగ్గా అప్పుడే కండువాల బేరగాడు, జగిత్యాల బట్టల షాపు ముత్తయ్య కారు దిగాడు. ఒక్క నీటికి రంగు పోయినా సరుకంతా వాపసు అని మొదటే చెప్పిన మనిషి.

"ఏంది ఆనందం, కుక్కకు గీ రంగేంది?"

రంగు అంటిందంటే సరుకు మునుగుతుంది. ఆనందం నోటికి ఏదొస్తే అది అనేశాడు.

"రంగు కాదు సేటూ... సింధూరం. మిల్కీకి అంజన్న మాల ఏసినం. మొక్కు. బట్ట కట్టుకోదు గదా, అందుకే ఒంటికే పెట్టినం."

ఛీ, అబద్ధమాడినా కాస్త అతికేటట్టు ఆడాలి అనుకుంది రమ. కానీ ముత్తయ్య చెప్పులు విడిచి, కుక్కకు రెండు చేతులెత్తి మొక్కాడు. "స్వామీ! చిన్న హనుమాన్ జయంతికి కొండగట్టుకు నా కారులనే తీస్కపోతా." లోపలి నుంచి వచ్చిన అత్త లసుమవ్వ కళ్లు తుడుచుకుంది. "నా కొడుకు ఇన్నేండ్లకు ఒక్క మంచి పని చేసిండు." పొద్దుగూకేసరికి వాడకట్టంతా అరటిపండ్లతో, కొబ్బరికాయలతో దిగింది.

ఈ బాగోతం ఒక్క స్నానంతో కడిగేద్దామని రమ సబ్బు పట్టుకుని లేచింది. లసుమవ్వ అడ్డం పడింది.

"ఆగు పిల్లా! సింధూరం వెలిసిపోతే అరిష్టం. స్వామికి తెల్లారంగ చన్నీళ్ల తానం, ఒక పూట బిచ్చ. ఎవలు మొక్కిన్రో ఆళ్లే సేవ చెయ్యాలె. ఇంతకు మొక్కిందెవలు?"

రమ సబ్బు కింద పెట్టింది. బుద్ధిగా పెట్టింది.

"నీ కొడుకే అత్తా. పట్టుబట్టి తెచ్చింది నీ మనుమడు, మనుమరాలు."

మర్నాటి నుంచి ఆ ఇంట్లో కోడి కూయకముందే ఆనందం బకెట్‌తో లేచాడు. నీళ్లు పోస్తే రంగు పోతుంది, రంగు పోతే పరువు పోతుంది. అందుకని తడి కుక్కకు తడి కండువా చుట్టి, మళ్లీ కాషాయం పట్టేదాకా ఒడిలో పెట్టుకుని కూర్చునేవాడు. ఒడిలో కూర్చునే జాతి అని వీడియోలో చెప్పింది అబద్ధం కాదు. చందు పెరుగన్నం కలిపాడు, స్వప్న కుక్క ఉచ్చ పోసిన చోటల్లా కడిగింది. ఇంట్లో మాంసం కూర బంద్. స్వామి ముందర ఫోన్లు చూడొద్దని లసుమవ్వ సొంతంగా ఒక నియమం పెట్టింది. ముత్తయ్య దారిన పోతూ దర్శనానికి ఆగేవాడు. రమ గడప మీద కూర్చుని చాయ్ చల్లారకుండా తాగింది.

"రమా, నడుములు పోతున్నయ్. గీ ఒక్కనాడు తానం నువ్వు..." అన్నాడు ఆనందం ఒకనాడు.

"ముత్తయ్య సేటుకు ఫోన్ చేసి, అది సింధూరం కాదని చెప్పాల్నా?"

ఆనందం బకెట్ ఎత్తుకున్నాడు.

చిన్న జయంతి రానే వచ్చింది. కొండగట్టులో మాల తీయించి, స్నానం చేయించి, తెల్లటి మిల్కీని ముత్తయ్య తన కారులోనే ఇంట్లో దింపాడు. ఆనందం మంచంలో వాలిపోయాడు.

"అయిపోయింది తల్లీ! రేపటి సంది గిది ఉత్త కుక్కనే. పొద్దుగాల నువ్వే చూస్కో, నాకు షెడ్డుల పని ఉంటది."

రమ చెంబుతో మంచినీళ్లు తీసుకుని కారు దగ్గరికి వెళ్లింది.

"సేటూ, నలభై రోజులకు పెద్ద జయంతి అస్తది గదా. అందాక స్వామికి మల్ల మాల ఏస్తనని మా ఆయన మొక్కుకున్నడు. సిగ్గుకు మీతోని చెప్తలేడు."

ముత్తయ్యకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఆనందం! ఇంకో మోపెడు కండువాలు నెయ్యవయ్యా, గిదే రంగు!" అని కారులోంచే కేకేశాడు.

మర్నాడు పొద్దున రమ చాయ్‌లో చక్కెర ఒక చెంచా ఎక్కువే వేసుకుంది.