రాయమల్లు ఏజెంటు అడిగిన కొసరు

ఆ పొద్దున రాయమల్లు మనసులో ఉన్నది ఒక్కటే. మధ్యాహ్నం భోజనానికి వచ్చే కంపెనీ మేనేజర్ శ్రీనివాసరావును మెప్పించి, క్యాంటీన్ కాంట్రాక్టుకు మళ్లీ సంతకం పెట్టించుకోవాలి. గోదావరిఖని అవతల మట్టి తీసే ఓ ప్రైవేటు కంపెనీ క్యాంటీన్ అతనిది. సంతకం పడకపోతే రేపటి నుంచి పొయ్యి వెలగదు. వంట భార్య అనసూర్య చూసుకుంటుంది. కూరగాయలు పెద్దపల్లి నుంచి ఆమె అన్న వేణుమాధవ్ పంపుతాడు.

బావలిద్దరూ రోజూ ఫోన్లో గొంతు పోయేదాకా బేరమాడుకునేవారు. ఆ బాధ తప్పిస్తానని కంప్యూటర్ షాపు పవన్‌కుమార్ ఇద్దరి కంప్యూటర్లలోనూ చెరో సాఫ్ట్‌వేర్ ఏజెంటును పెట్టాడు. ఇకనుంచి బేరం, ఆర్డరు అవే చూసుకుంటాయి. నిన్ననే మొదలు.

పొద్దున్నే ఆటోలో వంకాయలు దిగాయి. పక్కన సంచిలో కొసరు కూడా ఉంది. రాయమల్లు ప్రాణం కుదుటపడింది. కాసేపటికి ఇంకో ఆటో నిండా కొసరు వంకాయలే వచ్చాయి. ఆ తర్వాత డీసీఎం వ్యాను వచ్చి వెనక తలుపు వంటగది వైపు పెట్టి నిలబడింది.

"నాకు చెప్పకుంట ఎవరి పెండ్లన్న ఒప్పుకున్నవా ఏంది?" అంది అనసూర్య.

పోయిన నెల విందులో వేణుమాధవ్ వంకాయలన్నీ పుచ్చులేనని రాయమల్లు నలుగురిలో అన్నాడు. దానికే ఇప్పుడు కక్ష తీర్చుకుంటున్నాడనుకొని బావకు ఫోన్ చేశాడు.

"ఏం మస్కిరి బావా ఇది, నవ్వులాటనా?"

"మస్కిరి నాదా? రాత్రంత నీ ఏజెంటు తోని కొసరు, కొసరని అడిగించింది నువ్వు. ఇంకా కోపంల ఉన్నవనుకొని దుకాణంల ఉన్నయి వంకాయలే, అన్ని ఊడ్చి పంపిన."

పవన్‌కుమార్ పరుగెత్తుకొచ్చి కంప్యూటర్ చూసి తల గోక్కున్నాడు. "కొసరు అడక్కుండా బేరం ముగించొద్దని మీరు చెప్పారండి. అడిగిన కొసరు కాదనొద్దని ఆయన చెప్పారు. మనుషులైతే ఒకటి రెండుసార్లకి సిగ్గుపడి ఆగుతారు. వీటికి అది పెట్టలేదండి."

"మరి అది పెట్టు జల్ది," అన్నాడు రాయమల్లు.

అప్పటికే పప్పు, చికెను వంకాయ బస్తాల వెనక ఎక్కడో చిక్కుకుపోయాయి. చేతికందేది వంకాయే. అనసూర్య కొన్ని గుత్తిగా వండింది, కొన్ని వేయించింది, మిగిలినవి కాల్చి పచ్చడి నూరింది. మేనేజర్ ఎదుట వంకాయ పెట్టి కాంట్రాక్టు అడగడమెట్లాగని రాయమల్లు గుమ్మంలోనే కూలబడ్డాడు.

శ్రీనివాసరావు వచ్చేసరికి తినడానికి వచ్చినవాళ్ల వరుస గేటు దాటింది. చుట్టుపక్కల క్యాంటీన్లన్నీ వేణుమాధవ్ దగ్గరే కొంటాయి. అతని దుకాణం ఖాళీ అయ్యేసరికి ఆ పూట ఆ క్యాంటీన్లలో కూర లేదు, ఉత్త మామిడికాయ తొక్కే. అక్కడి షిఫ్టుల వాళ్లంతా ఇటే నడిచారు. కూర్చోవడానికి చోటు లేక మేనేజర్ నిలబడే తిన్నాడు, మారు కూడా వడ్డించుకున్నాడు.

"ఇంతమందిని రప్పించారంటే మాటలు కాదండీ," అంటూ బస్తా మీదే కాగితం పరిచి సంతకం పెట్టాడు.

ఆ వారమంతా క్యాంటీన్ బోర్డు మీద కూర పేరు తుడిచి రాయాల్సిన అవసరం రాలేదు.