అన్నీ చివరి రోజు చూసుకుందాం

ఓడ ఎక్కిన మర్నాడు పొద్దున్నే లెక్కల మాస్టారు గదిలో ఉన్న ఒకే ఒక్క బల్ల మీద కాగితం పరిచి ఖర్చుల పథకం వేశాడు. బడిలో పిల్లలకు లాభనష్టాలు నూరిపోసే మనిషి, సెలవులకొచ్చినా చేయి ఊరుకోదు. టికెట్టులోనే కలిసిపోయినవి ఒక పక్క రాశాడు: గది, పెద్ద భోజనశాలలో తిండి, మామూలు కాఫీ టీలు, ఈతకొలను, సాయంత్రం పాటలు. విడిగా డబ్బు పడేవి రెండో పక్క రాశాడు: నురగ కాఫీ, పై అంతస్తులో ప్రత్యేక హోటలు, మాలిష్, ఫొటోలు. ఈ రెండో రకంలో మనిషికి రోజుకొక్క సరదా, అంతే. మొత్తం ఎంతవుతుందో కింద వేసి, దాని చుట్టూ గట్టిగా గీత గీశాడు.

"ఈ గీత దాటామంటే నీ కుర్చీ గోవిందా," అన్నాడు భార్యతో.

ఆమె పళ్ళ డాక్టరు. ఇన్నేళ్ళూ వేరేవాళ్ళ ఆస్పత్రిలో జీతానికి పళ్ళు పీకి, పైసా పైసా కూడబెట్టి, ఇప్పుడు సొంతంగా వైద్యం చేసుకోవడానికి ఒక గది అద్దెకు తీసుకుంది. బోర్డు రాయించింది, గోడలకు రంగు వేయించింది. రోగిని పడుకోబెట్టే కుర్చీ ఒక్కటే మిగిలింది. ఆ కుర్చీ డబ్బూ, ఓడలో ఖర్చులకు పోయే డబ్బూ ఆమె బ్యాంకు ఖాతాలో ఒకేచోట ఉన్నాయి.

"మనమెందుకు దాటుతామండీ, మనకేం పట్టింది," అంది డాక్టరమ్మ. నిజమే. వాళ్ళిద్దరూ దాటలేదు.

ముప్పంతా పక్క గదుల్లోంచి వచ్చింది. ఒక గదిలో డాక్టరమ్మ అమ్మానాన్నలు, రెండో గదిలో మాస్టారి అమ్మానాన్నలు. ఆమె తండ్రి రైళ్ళలో గార్డుగా పచ్చజెండా ఊపి ఊపి రిటైరైన మనిషి. అతని తండ్రికి బజార్లో మేకులు, బోల్టులు, తాళాలు అమ్మే షాపు ఉంది, అందరూ షావుకారుగారంటారు. ఇద్దరూ మంచివాళ్ళే. కానీ పిల్లల పెళ్ళయి ఏడాదిన్నరైనా "బాగున్నారా బావగారూ", "మీ దయ బావగారూ" అన్న రెండు మాటలు దాటి ముందుకు పోలేదు. ఎదురుపడితే చాలు, ఫొటోకి నిలబడ్డట్టు బిగుసుకుపోయేవారు. నాలుగు రోజులు నీళ్ళ మీద ఒకచోట పడేస్తే వాళ్ళే కలుస్తారని పిల్లలు ఆశపడి ఈ ప్రయాణం పెట్టుకున్నారు.

ఓడలోని అంగళ్ళలో నోట్లు చెల్లవు. ఎక్కగానే ప్రతి మనిషికీ ఒక కార్డు ఇస్తారు. దాంతోనే గది తలుపు తెరుచుకుంటుంది, దాన్నే చూపిస్తే కాఫీ వస్తుంది. తిన్నదీ తాగినదీ గది లెక్కలో పడుతూ ఉంటుంది, దిగే రోజు బ్యాంకులోంచి పోతుంది. మూడు గదుల లెక్కా డాక్టరమ్మ ఖాతాకే కట్టించారు. "మరి డబ్బులెలాగరా?" అని షావుకారుగారు అడిగినప్పుడు, ఖర్చు మాదేనని పెద్దవాళ్ళ ముఖం మీద చెప్పడం బాగుండదనుకుని మాస్టారు "ఇప్పుడేం అక్కర్లేదు నాన్నా, అన్నీ చివరి రోజు చూసుకుందాం" అన్నాడు. మామగారికీ అదే చెప్పాడు. ఎవరి గది లెక్క వాళ్ళు చివర్లో కట్టుకోవాలి కాబోలని పెద్దమనుషులిద్దరూ ఎవరికి వాళ్ళు అనుకున్నారు. మర్యాద కోసం మింగేసిన ఒక్క మాట ఎంత పని చేస్తుందో ఏ లెక్కల పుస్తకంలోనూ ఉండదు.

మొదటి దెబ్బ గార్డుగారే వేశారు. ఆ పొద్దున డెక్కు మీద వియ్యంకుడు మామూలు కాఫీ కప్పు పట్టుకుని కనిపించేసరికి ఆయన మనసు ఊరుకోలేదు.

"అదేం కాఫీ బావగారూ, పక్కన పెట్టేయండి. నేను మంచిది తెప్పిస్తాగా."

"మీకెందుకండీ శ్రమ?"

"శ్రమేముంది, కార్డు చూపిస్తే సరి."

నురగ మీద ఆకు బొమ్మ వేసిన కాఫీలు రెండు వచ్చాయి. షావుకారుగారు తాగారు గానీ ఆ మర్యాద గొంతు దిగలేదు. ఒకరి ఖర్చు మీద తాగి ఊరికే ఉండే రకం కాదు ఆయన. మధ్యాహ్నానికి గార్డు దంపతుల్ని పై అంతస్తు హోటలుకి లాక్కెళ్ళారు. పెద్ద ప్లేటులో చిన్న ముక్క పెట్టి, ఆ ముక్క పేరు చాలాసేపు చెప్పి, దాని ధర మాత్రం చెప్పకుండా వడ్డించే హోటలది. గార్డుగారు ఆ బరువు మోయలేక సాయంత్రం వియ్యంకుడి మోకాళ్ళకు వేడి రాళ్ళతో మాలిష్ చేయించారు. మోకాళ్ళు బాగుపడడంతో షావుకారుగారు మరింత చురుగ్గా నడిచివెళ్ళి, ఓడ ఫొటోగ్రాఫరు చేత అందరికీ ఫొటోలు తీయించి ఫ్రేములు కట్టించారు.

వియ్యపురాళ్ళిద్దరూ మాత్రం మొదటి గంటలోనే వదినా వదినా అనుకుని, నీడలో రెండు కుర్చీలు చూసుకుని, ఊరికే ఇచ్చే టీ తాగుతూ మొగుళ్ళ గురించి చెప్పుకుంటున్నారు. వాళ్ళ స్నేహానికి ఒక్క పైసా ఖర్చు కాలేదు. ఆ సంగతి ఎవరూ గమనించలేదు.

మర్నాడు పొద్దున మాస్టారు గదిలోని టీవీలో లెక్క చూశాడు. గీత ఎప్పుడో దాటిపోయింది.

"కొంప మునిగిందే!"

"ఓడలో ఆ మాటనకండి," అంటూ డాక్టరమ్మ వచ్చి చూసి, తనూ మంచం అంచున కూలబడింది.

"చెప్పేద్దాం. ఖర్చు మనదని చెప్పేద్దాం."

"ఏమని చెబుతారు? నువ్వు వియ్యంకుడికి చేయించిన మాలిష్ ఆయన కొడుకూ కోడలి డబ్బుతోనే అని మా నాన్నతో చెప్పమంటారా? సముద్రంలో దూకేస్తారు."

"కోడలి డబ్బుతో ఫ్రేములు కట్టించావని తెలిస్తే మా నాన్న అంతకంటే ముందే దూకుతాడు."

అందుకని నిజం వదిలేసి ఉపాయం పట్టుకున్నారు. డాక్టరమ్మ వెళ్ళి తండ్రి చెవిలో వేసింది. "నాన్నా, మావయ్యగారికి షుగరు. హోటళ్ళవీ తినకూడదు. ఏమీ తెప్పించకు."

"అయ్యయ్యో, ముందే చెప్పొద్దూ!" అన్నారు గార్డుగారు. ఆ వెంటనే పెద్ద వంటవాణ్ణి పట్టుకుని, వియ్యంకుడికి దిగేదాకా చక్కెర లేకుండా విడిగా వండిపెట్టే ఏర్పాటు చేశారు. విడిగా వండితే ధర కూడా విడిగానే ఉంటుంది.

అటు మాస్టారు తండ్రితో అన్నాడు. "నాన్నా, మావయ్యగారికి మొహమాటం ఎక్కువ. ఎవరైనా ఆయన కోసం ఖర్చు పెడితే నలిగిపోతారు."

"అంతేనా? తెలీకుండా పెడతాను, నువ్వేం బెంగపడకు," అన్నారు షావుకారుగారు. ఆ సాయంత్రానికి గార్డు దంపతుల సామాన్లు బాల్కనీ ఉన్న పెద్ద గదికి మారాయి. ఓడవాళ్ళే మార్చారని చెప్పమన్నారుగానీ, సామాన్లు మోసినతను నిజం చెప్పేశాడు. గార్డుగారు బాల్కనీలో నిలబడి చాలాసేపు సముద్రాన్ని చూశారు. "ఆయన నాకు సముద్రం చూపిస్తే నేనాయనకి చప్పిడి తిండి పెట్టి ఊరుకోనా?" అని అప్పుడే వెళ్ళి, మర్నాటి సాయంత్రానికి పై డెక్కంతా వియ్యాలవారి పేరు మీద తీసుకుని, వాయిద్యాలతో సహా విందు ఏర్పాటు చేసి వచ్చారు.

ఆ వార్త విని డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుంది. ఏడవడం ఆమెకు అలవాటు లేదు, ఆమె దగ్గరికొచ్చేవాళ్ళే ఏడుస్తారు.

"కుర్చీ వచ్చే ఏడు కొందామా?" అన్నాడు మాస్టారు మెల్లగా.

"గది అద్దె ఈ నెల నుంచే. కుర్చీ లేని గదిలో నేనేం చేయాలి? నిలబెట్టి పళ్ళు పీకనా?"

అతనికి సిగ్గేసింది. ఇన్నేళ్ళుగా అందరికీ లెక్కలు చెబుతూ, చెప్పాల్సిన ఒక్క లెక్కా చెప్పలేకపోయాడు.

మర్నాడు గదుల లెక్కలు చూసే కౌంటరు తెరవగానే ఇద్దరూ వెళ్ళి నిలబడ్డారు.

"ఎవరి కార్డు మీద ఖర్చు ఆపమంటారు?" అంది కౌంటరులోని అమ్మాయి.

"మా నాన్నది," అంది డాక్టరమ్మ.

"అదేం బాగుంటుంది? మావయ్యగారిది వద్దు. మా నాన్నది ఆపండి."

"మీ నాన్నగారిది ఆపితే రేపు నేను ఆయన ముఖం ఎలా చూడను? మా నాన్నదే ఆపమ్మా."

"మీ నాన్నగారి ముఖం నేను మాత్రం ఎలా చూడను?"

వెనక వరస పెరిగిపోయింది. పెద్దవాళ్ళ జబ్బు తమకూ అంటుకుందని అప్పుడు గాని వాళ్ళకు తెలియలేదు. ఎవరికీ తక్కువ కాకుండా ఇద్దరి కార్డులూ ఆపించి బయటపడ్డారు.

పదకొండింటికి గార్డుగారు కాఫీ అంగట్లో కార్డు చూపించారు. ఎర్ర దీపం వెలిగింది. జీవితమంతా ఎర్ర దీపాన్ని గౌరవించిన మనిషి, ఇది మాత్రం నమ్మలేకపోయారు. మళ్ళీ చూపించారు. మళ్ళీ ఎర్రదే. "నాది తీసుకోమ్మా," అంటూ షావుకారుగారు దర్జాగా ముందుకొచ్చారు. అదీ ఎర్రదే. వరసలో ఉన్నవాళ్ళు పక్కకు చూశారు. పెద్దమనుషులిద్దరి ముఖాల్లో నెత్తురుచుక్క లేదు.

"ఒక్కసారి గదికి వెళ్ళొస్తాను బావగారూ," అన్నారు ఒకరు. "నాకూ చిన్న పనుందండీ," అన్నారు రెండోవారు. రెండు దారుల్లో వెళ్ళి, ఇద్దరూ కౌంటరు దగ్గర ఎదురుపడ్డారు. ఇద్దరి చేతుల్లోనూ దళసరి నోట్ల కవర్లున్నాయి.

"మీ కార్డులు పాడవలేదు సార్," అంది కౌంటరులోని అమ్మాయి. "మూడు గదుల లెక్కా ఒక్క ఖాతాకే ఉంది. ఆ ఖాతా డాక్టరుగారిది. పొద్దున వాళ్ళిద్దరే వచ్చి ఆపించారు."

ముందుగా గార్డుగారు తేరుకున్నారు.

"అంటే బావగారూ, నేను మీకు పెట్టిందంతా మీ పిల్లల సొమ్మే."

"నేను మీకు పెట్టింది మాత్రం ఎవరిదండీ?"

"అది మా అమ్మాయి కుర్చీ డబ్బు." అన్నారు గార్డుగారు. "చిన్నప్పుడు నేను డ్యూటీ దిగి రాగానే నన్ను పడక్కుర్చీలో వెనక్కి వాల్చి, చెంచాతో నోరు తెరిపించి పళ్ళు చూసేది. దిండు ఎత్తు సరిపోలేదని కోప్పడేది. ఆ కుర్చీని నేను కాఫీల్లో తాగేశాను."

షావుకారుగారు ఆయన భుజం మీద చెయ్యి వేశారు. "ఒక్క మాట చెబితే పోయేది కదా, పిల్లలు."

"చెబితే మనం వింటామా?"

"వినం," అని ఒప్పుకుని షావుకారుగారు గొంతు తగ్గించారు. "బావగారూ, నిజం చెప్పనా? ఆ నురగ కాఫీ నాకు నచ్చలేదు."

"నాకూ నచ్చలేదండీ. మీరు ఇష్టంగా తాగుతున్నారని తెప్పిస్తున్నాను."

ఇద్దరూ నవ్వారు. ముందు చిన్నగా, తర్వాత కౌంటరు పట్టుకుని మరీ. నవ్వు తగ్గాక పనిలో పడ్డారు. విందు రద్దు చేయించారు, పెద్ద గది వదిలేశారు, లేని షుగరు కోసం పెట్టిన చప్పిడి వంట మాన్పించారు. అంగళ్ళలో చెల్లకపోయినా కౌంటరులో నోట్లు చెల్లుతాయట. ఆ రెండు గదుల మీద మిగిలిన బాకీ అంతా చెరి సగం కట్టేశారు.

"మేం కట్టామని పిల్లలకు చెప్పకమ్మా," అన్నారు షావుకారుగారు.

"అడక్కపోతే చెప్పను సార్. అడిగితే మాత్రం చెప్పాలి."

మర్నాడు దిగే ముందు డాక్టరమ్మ గుండె చిక్కబట్టుకుని లెక్క అడిగింది. తామిద్దరూ తాగిన రెండు మూడు కాఫీలు తప్ప బాకీ ఏమీ లేదు. మాస్టారు ఆమె చెయ్యి పట్టుకుని లాగాడు.

"పద పద, అడక్కు. అడిగితే తప్పు దిద్దుకుంటారు."

ఆమె కదల్లేదు. "ఎవరిదో తెలియని డబ్బుతో కుర్చీ కొని, అందులో రోగిని ఎలా పడుకోబెట్టను?" అని వెనక్కి తిరిగి అడిగేసింది. కౌంటరులోని అమ్మాయి అంతా చెప్పింది.

డాక్టరమ్మకు సంతోషం, సిగ్గు ఒకేసారి ముంచుకొచ్చాయి. పరుగెత్తుకెళ్ళి నాన్నను పట్టుకుని ఏడవాలనిపించింది. కానీ నాకు తెలిసిపోయిందని అంటే వాళ్ళిద్దరి గౌరవం మళ్ళీ నేల రాలుతుంది. తెలిసినట్టు కనబడకూడదు, ఋణం మాత్రం తీరాలి. ఆలోచించగా ఆమెకు దారి ఒక్కటే తోచింది.

డెక్కు మీద వియ్యంకులిద్దరూ చెప్పులు విప్పేసి, మామూలు కాఫీ తాగుతున్నారు. రైలు వెనక పెట్టెలో ఒంటరిగా కూర్చుంటే ఎలా ఉంటుందో గార్డుగారు చెబుతుంటే, షావుకారుగారు కప్పు సంగతి మరిచిపోయి వింటున్నారు. ఆమె వచ్చి వాళ్ళ ముందు నిలబడింది.

"నాన్నా, మావయ్యా, లేవండి. ఇవాళ అందరికీ పైన హోటల్లోనే భోజనం. ఖర్చు నాది."

వియ్యంకులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"మాకు ఆకలి లేదమ్మా," అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో.

గంట తర్వాత, ఊరికే వడ్డించే పెద్ద భోజనశాలలో ఇద్దరూ మూడోసారి ప్లేట్లు నింపుకుంటూ కనిపించారు.