నందిగామ సాధించుకున్న ఓజోను

ఓజోనులో నందిగామకు జరిగిన అన్యాయాన్ని ప్రాణాలొడ్డయినా సరిదిద్దుతానని మా నాయకుడు భవానీప్రసాద్ గారు మైకులో ప్రకటించారు. మాట మీద నిలబడే వంశం. వాళ్ల తాతగారు మా వీధి కుళాయి ప్రారంభించిన రోజు కూడా నేనున్నా. నీళ్లు రాకపోతే చాటునుంచి బిందెడు పోసింది నేనే.

సంగతేంటంటే, ఆకాశంలో తిరిగే ఉపగ్రహం ఏ ఊళ్లో ఎంత ఓజోనుందో కొలిచిందట. జగ్గయ్యపేటకి ఎక్కువొచ్చింది. అక్కడి నాయకుడు వీరేంద్ర గారు సన్మానం కూడా చేయించేసుకున్నారు. మరి మనకి మండదూ?

కాలుష్యం ఆఫీసు నుంచి లహరి అనే అమ్మాయి వచ్చింది.

"సార్, ఎక్కడో ఎత్తున ఉండే ఓజోను మనకి గొడుగండి. బండ్ల పొగకి ఎండ తగిలి కింద పుట్టేది ఊపిరికి విషం. పేటలో పెరిగింది కిందదండి."

"కిందదైతే ఇంకా మంచిదేగా అమ్మా! జనానికి అందుబాటులో ఉంటుంది" అన్నారు మా భవానీప్రసాద్ బాబు.

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టా, పక్కన మా మనవరాలు ఆమని దగ్గు వినపడకుండా. దానికి ఆయాసం. పీల్చే పంపులో మందు అడుగంటింది, ఆసుపత్రిలో స్టాకు లేదు. "సభలో పాపచేత దండ వేయించండి మామ్మగారూ, కొత్తది నేను తెప్పిస్తా" అన్నారు బాబు. ఎంత మంచి మనసో!

మర్నాడు హైవే మీద ధర్నా. లారీలన్నీ ఆగాయి.

"ఇంజన్లు ఆపొద్దు! ఉపగ్రహం మధ్యాహ్నం వస్తుంది!" అని అరిచారు బాబు.

"డీజిలు మీరు పోయిస్తారా?" అన్నాడు డ్రైవరు పుల్లయ్య.

"ఊరి పరువు కోసం ఆమాత్రం కాల్చలేవూ?"

కాల్చాడు. అందరూ కాల్చారు. అలా వారంపాటు ఎండలో కష్టపడ్డాక లెక్కలొచ్చాయి. పేటని దాటేశాం!

హైవే పక్కనే విజయోత్సవ సభ. ఆమని దండ వేసింది. బాబు చేతులు చాపి, "ఇది మన గాలి, గుండెనిండా పీల్చండి!" అని ముందు తానే పీల్చారు. అంతే. దగ్గొచ్చి కళ్లు తేలేశారు. కొత్త పంపు ఇంకా రాలేదు; అప్పటికే ఎగశ్వాసతో పాతదే పీలుస్తోంది ఆమని.

"సార్‌కివ్వు, సార్‌కివ్వు!" అంటూ పీయే లాక్కున్నాడు.

బాబు పీల్చారు. మళ్లీ పీల్చారు. ముఖానికి రంగు తిరిగొచ్చింది. మైకందుకుని, "వచ్చే ఏడాది రెట్టింపు చేస్తా!" అన్నారు.

పంపు నా చేతికొచ్చింది. ఆమని నోట్లో పెట్టి నొక్కా. మళ్లీ నొక్కా. ఏమీ రాలేదు.

చప్పట్లు మాత్రం ఆగలేదు.