మూడంగుళాల అభ్యుదయం

కారు చక్రాలు మార్చాలన్న ఆలోచన భర్తకు రావడం కంటే ఇల్లాలికి గొప్ప అదృష్టం మరొకటి లేదు! నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను.

మావారు గద్వాలలో చీరల షావుకారు. మా వీధి మగ్గాలకు నూలిచ్చి నేయిస్తారు. పోయిన ఏడు హైదరాబాదులో ఒక జాగీర్దారు వదిలించుకుంటున్న రేసు కారు కొనుక్కొచ్చారు. పైకప్పు లేదు. రెండే సీట్లు. ఇంట్లో ఉన్నది ఆరుగురం కాబట్టి, ఎవరెక్కాలన్న తగవే రాలేదు. ఒకటి ఆయనకు, రెండోది ఆయన గొడుగుకు!

కారు బాగుంది గానీ చక్రాలు జ్వరం పడి లేచినట్టున్నాయన్నారు. వెడల్పువి కావాలి. ఎంత వెడల్పు? బోల్టులు బిగించే పళ్లెం చక్రంలో ఏ వైపుండాలి? లోపలి అంచునుంటే చక్రం బయటికి పొడుచుకొస్తుంది, బయటి అంచునుంటే లోపలికి పోతుంది. దీన్ని ఇంగ్లీషులో ఆఫ్‌సెట్ అంటారట. మా ఆడబిడ్డ సంబంధం ఒక్క పూటలో తేల్చిన పెద్దలు, ఈ పళ్లెం సంగతికి నెల్లాళ్లు మా వసారాలో చాయ్ తాగారు. లారీ జంగయ్య చక్రం లోపలికే ఉండాలన్నాడు. డ్రాయింగు మాస్టారు బయటికుంటేనే అందమన్నారు. అందమే గెలిచింది. చక్రాలు మడ్‌గార్డు దాటి మూడంగుళాలు బయటికొచ్చాయి.

లాభాలు చూడండి! ఇన్నాళ్లూ బురదంతా మడ్‌గార్డు ఒక్కటే అనుభవించింది. ఇప్పుడు ఊరందరికీ సమానంగా అందుతోంది. సామ్యవాదమంటే ఇదే కదా? స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు రేకుకు రాసుకుంటుంది. అందుకని ఆయన మా ఇంటి మలుపు తిరగక బస్టాండు దాకా పోయి వస్తారు. ఊరు చూసినట్టూ అవుతుంది.

ఇక అసలు మేలు. మా వీధిలో తెల్లవారగానే పడుగు వేస్తారు. చీరకు నిలువు దారాలన్నీ వీధి పొడుగునా సాగదీసి, కర్రల మీద నిలిపి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఎండబెడతారు. పక్కన కారు పట్టేంత సందు వదులుతారు. మావారికి ఆ సందు కారు ఒంటి కొలతతోనే అలవాటు. చక్రాలు బయటికొచ్చాయని, నెల్లాళ్లు కొలిపించిన మనిషే మరిచిపోయారు!

పడుగు బిగించిన తాడు చక్రానికి తగిలింది. కర్రలు పడిపోయాయి, పోగులు చక్రానికి చుట్టుకున్నాయి. దువ్వుతున్న నేతగాడు భిక్షపతి కుంచె పడేసి చక్రం దగ్గరికి పరుగెత్తాడు.

"ఏందన్నా, గిట్ల జేస్తివి! దసరా చీరలకు మాకున్నది గిదొక్కటే పడుగు!" అంది అతని భార్య శారదమ్మ.

మావారు దిగి ముందు చక్రం తడిమి చూసుకున్నారు. తర్వాత టేపు తీశారు.

"పడుగే ఇవతలికొచ్చింది. రేపటి సంది ఊరవతల మైదానంల ఏసుకోండ్రి."

"గాడ దుమ్ము లేస్తది. తడి గంజి మీద మన్ను పడితె ఏం నేస్తమన్నా?"

"జర సర్దుకోవాలె శారదా. కారు చిన్నగైతదా ఏంది?"

నిజమే కదా! కారు చిన్నది కాదు. వీధే చిన్నదవుతుంది.

వీధి ఆడవాళ్లమంతా కూర్చుని తెగిన పోగులు అతికితే సగం పడుగు దక్కింది. మర్నాడు తెల్లవారగానే భిక్షపతి కర్రలు మైదానానికి మోయబోతుంటే నేనే ఆపాను. ఈసారి మా గేటు ముందునుంచే సాగదీశాం. సందు వదల్లేదు.

లోపల హారను మోగింది. మళ్లీ మోగింది.

"ఎవరు బెట్టిన్రు గిది, గేటుకడ్డం?"

"వదినె!" అంది శారదమ్మ, దువ్వడం ఆపకుండా.

"సందు ఇడుద్దామనే అనుకున్నం," అన్నాను నేను. "మీ చక్రాలకు ఎంత గావాల్నో మాకు ఎరుకలేకపాయె. పడుగు ఎండినంక పోదురు."

మావారు కారు దిగి, గొడుగు తీసుకుని దుకాణానికి నడిచారు. పడుగుకు గోరంత కూడా తగలకుండా, పొట్ట లోపలికి లాక్కుని, గోడవారగా పక్కకు ఒరిగి. ఎంత చక్కగా పట్టారనుకున్నారు!