నరీన్ బడిలో ఆరు గంటల తేడా

ఆ మంగళవారం మెదెర్ వేసుకున్న పథకం చిన్నది. ఎనిమిదింటికల్లా బడికి వెళ్లి, గంటలు మోగించే ప్రోగ్రామును పాత కంప్యూటరులోంచి కొత్తదానిలోకి మార్చాలి. ఇరవై నిమిషాల పని. మధ్యాహ్నం బెగిమాయ్ వాళ్లింటికి భోజనానికి వెళ్లాలి. ఆమె తండ్రి జిర్గల్‌బెక్ పిల్లనిస్తాడో లేదో ఆ కూర్దాక్ మాంసం పళ్లెం ముందే తేలుతుంది. ఆయన ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేసి రిటైరైన ఇంజనీరు. పనిమంతుడు కాని అల్లుడు ఆయనకు అక్కర్లేదు.

నరీన్ పట్టణంలోని ఆ బడికి కంప్యూటర్ల మాస్టారు మెదెర్ ఒక్కడే. పాత యంత్రాన్ని నడిపే సిస్టమ్ డెబియన్. అందులో ఏది ఎక్కడుందో కళ్లు మూసుకున్నా చెప్పగలడు. విరాళంగా వచ్చిన కొత్త యంత్రంలో ఉన్నది ఫెడోరా. రెండూ లినక్సే కదా అనుకున్నాడు. అన్నదమ్ములే, కాదనలేం. కానీ వేరు కాపురాలు. ఒకరింట్లో ఉప్పు ఉన్న అరలో ఇంకొకరింట్లో కారం ఉంటుంది.

యంత్రం లోపలి గడియారంలో నరీన్ సమయమే ఉంది. ఆ సంగతి ముందుగా రాసిపెట్టకపోతే సిస్టమ్ దాన్ని గ్రీనిచ్ సమయమనుకుని ఇంకో ఆరు గంటలు కలుపుకుంటుంది. మెదెర్ రాశాడు. కాకపోతే డెబియన్‌లో రాసే ఫైలు పేరుతోనే ఇక్కడా ఒక ఫైలు పెట్టి రాశాడు. ఫెడోరా వద్దనలేదు. దానివైపు కన్నెత్తి చూడనూ లేదు. అతను యంత్రాన్ని ఆపి, మళ్లీ వేసి, టీ తాగడానికి వెళ్లాడు.

ఉదయం ఎనిమిదీ ఇరవై అయిదుకు కొత్త కంప్యూటరు మధ్యాహ్నం రెండూ ఇరవై అయిదు అయిందని నిర్ణయించి, ఉదయం షిఫ్టు విడిచే గంట కొట్టింది.

సగం చాయ్ గ్లాసుతో ఉన్న మెదెర్ దగ్గరికి ప్రధానోపాధ్యాయిని సైరాగుల్ వచ్చింది. బడిలో అందరికీ ఆవిడ ఎజే, అంటే పెద్దక్క.

"పిల్లలేరి మెదెర్?"

"క్లాసుల్లో ఉన్నారు ఎజే."

"ఆ కిటికీలోంచి ఒకసారి చూసి మళ్లీ చెప్పు."

నాలుగొందల మంది పిల్లలు సంచులు భుజాన వేసుకుని బజారు వైపు పోతున్నారు. ఇంత పొద్దున్నే ఎందుకని ఒక్కడికీ సందేహం రాలేదు. వచ్చినా పైకి అనే తెలివితక్కువవాడు ఆ బడిలో లేడు.

బజారు మొదట్లో రొట్టెలమ్మే ఆవిడ ఆ గుంపును చూసి, "బడి ఖాళీ చేయించారు, భూకంపం వస్తుందేమో" అంది. మాంసం కొట్ల దగ్గరికి చేరేసరికి ఆ 'ఏమో' రాలిపోయింది. బజారు చివరికి చేరేసరికి బడిగోడ బీటలువారింది. అక్కడెవరో అగ్నిమాపక దళానికి ఫోన్ చేశారు. అక్కడే పొగాకు కొనుక్కుంటున్న జిర్గల్‌బెక్, ఆ బడిలోనే చదివే మనవడు గుర్తొచ్చి, టోపీ చేత్తో పట్టుకుని బడికి పరుగెత్తాడు.

గంటసేపు తంటాలు పడి మాస్టార్లు పిల్లల్ని తోలుకొచ్చి క్లాసుల్లో కూర్చోబెట్టారు. మనవడు క్షేమమని తేలాక జిర్గల్‌బెక్ నేరుగా కంప్యూటరు గదికి వచ్చాడు.

"ఏం చేశావు నాయనా?"

మెదెర్ చెప్పాడు. పెద్దాయన తెర చూసి జాలిగా నవ్వాడు.

"ఫెడోరా ఇంట్లో డెబియన్ ఉత్తరం పెడితే ఎవడు చదువుతాడు? లే. నేను దీని మీద పదేళ్లు పనిచేశాను."

మెదెర్ లేచి నిలబడ్డాడు. కూర్దాక్ పళ్లెం కొండల అవతలికి పోయినట్టనిపించింది. జిర్గల్‌బెక్ కూర్చుని, వేరే ఫైలు తెరిచి, వేరే మాట రాసి, యంత్రాన్ని ఆపి మళ్లీ వేశాడు.

దారిలో చక్రం మార్చుకోవాల్సి వచ్చిన అగ్నిమాపక బండి అప్పటికి గేటులోకి వచ్చింది. కెప్టెన్ దిగి గోడలన్నీ చూశాడు. బీటల్లేవు.

"ఏమిటిది ఎజే? పొగ లేదు, నిప్పు లేదు."

సైరాగుల్ ఇరవై రెండేళ్లు బడి నడిపిన మనిషి. "ప్రమాదం వస్తే బయటపడే సాధన చేయించాం" అంది.

"మాకు కబురు లేదే."

"ప్రమాదం కబురు పెట్టి వస్తుందా?"

కెప్టెన్‌కు నమ్మకం కుదరలేదు. జేబులోంచి గడియారం తీసి, "అయితే ఇంకోసారి చేయించండి, చూస్తాను" అన్నాడు.

సైరాగుల్ సాకు కోసం వెతుక్కుంటోంది. గంట మోగింది. కంప్యూటరు లెక్కలో అది మధ్యాహ్నం షిఫ్టు విరామం. అనుభవం మీద పిల్లలు ఈసారి సంచులు కూడా ముందే సర్దుకుని ఉన్నారు. మూడు నిమిషాల్లో బడి మొత్తం బయట ఉంది. కెప్టెన్ గడియారం చూశాడు, పిల్లల్ని చూశాడు, పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్లిపోయాడు.

సైరాగుల్ కంప్యూటరు గదిలోకి వచ్చేసరికి ఇద్దరు మగవాళ్లు ఒకే తెర ముందు తలలు వంచుకుని ఉన్నారు.

"పాత ఫెడోరాలో ఇక్కడే ఉండేది" అన్నాడు జిర్గల్‌బెక్ సన్నగా. "కొత్తదాంట్లో చోటు మార్చారల్లే ఉంది."

"ఎక్కడికి మార్చారో దాంతో పాటు రాసి ఇవ్వరా?"

"ఇస్తారు ఎజే" అన్నాడు మెదెర్.

"చదివారా?"

మెదెర్ ఆ పేజీ వెతికి తెర మీదికి తెచ్చాడు.

"చదువుకోండని పిల్లలకు పొద్దస్తమానం చెప్పే బడి ఇది" అంది ఆవిడ, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "పైకి చదువు. నేనూ వింటాను."

మెదెర్ చదివాడు. పదో నిమిషంలో దొరికింది. మూడే వరుసలున్న చిన్న ఫైలు, మూడో వరుసలో ఒక్క మాట. మార్చి యంత్రాన్ని మళ్లీ వేస్తే, గోడ గడియారమూ కంప్యూటరూ ఒకే మాట చెప్పాయి.

మెట్లు దిగుతూ జిర్గల్‌బెక్ మెదెర్ భుజం మీద చెయ్యి వేశాడు. "ఒంటిగంటకు వచ్చెయ్. నువ్వు పొరపాటు చేశావని చెప్పు, ఫర్వాలేదు. నా సంగతి మాత్రం మా ఆడవాళ్ల దగ్గర ఎత్తకు."

"మీరు రాకపోతే నాకు దొరికేదే కాదు బైకే" అన్నాడు మెదెర్, పెద్దవాళ్లను పిలిచే మర్యాద మాట కలిపి.

ఆ అబద్ధం పెద్దాయనకు బాగా నచ్చింది. పిల్లనిచ్చాడు.

పది రోజులకు జిల్లా కార్యాలయం నుంచి ఉత్తర్వు వచ్చింది. ముందు కబురు లేకుండా, ఇంత సహజంగా జరిగిన సాధన జిల్లాలో ఇంతవరకు లేదని కెప్టెన్ రాశాడట. వచ్చే నెలలో మిగతా తొమ్మిది బళ్లలోనూ గంటల ప్రోగ్రాము చూసే మెదెరే స్వయంగా దీన్ని జరిపించాలి. అక్కడి కంప్యూటర్లలో ఏ లినక్స్ ఉందో ముందే కనుక్కుంటానని అతను బయల్దేరబోతే, సైరాగుల్ ఆపింది.

"కనుక్కోకు, సహజత్వం పోతుంది."