అమ్మ దాచిన తోలు పట్టీ

ఆ ఉదయం అమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. అబ్బాయి ఇంటర్వ్యూకి బయలుదేరేటప్పుడు వాడి మెడ మీద తల ఉండాలి. అంతే. అంతకుమించి దేవుణ్ణి ఏమీ అడగలేదు.

పెద్ద హోటల్లో రిసెప్షన్ ఉద్యోగం. వచ్చేవాళ్ళకు ముందుగా కనిపించేది ఆ ముఖమే కాబట్టి గడ్డం నున్నగా గీసుకుని రమ్మని ఫోన్‌లో మరీ మరీ చెప్పారు. చదువయ్యాక వాడికి వచ్చిన మొదటి పిలుపు అది. చిక్కల్లా ఒక్కటే. అబ్బాయి అందరిలా మామూలు రేజర్‌తో గీసుకోడు. పాతకాలం మడత కత్తితో గీసుకుంటాడు. ఆ కత్తి ఇచ్చిన మహానుభావుడు స్వయానా అమ్మ తమ్ముడు. అందువల్ల అత్తవారి వైపు వాళ్ళని తిట్టుకునే సౌకర్యం కూడా ఆవిడకు లేకుండా పోయింది.

మేనమామ కత్తితో పాటు ఒక తోలు పట్టీ, ఒక పాఠం కూడా ఇచ్చి వెళ్ళాడు. "సాన ఎప్పుడో ఒకసారి పట్టిస్తే చాలు అల్లుడూ. రోజూ మాత్రం గీసుకునే ముందు ఈ తోలు మీద లాగాలి. కత్తి వీపు ముందు, అంచు వెనక. పట్టీ బిగుతుగా ఉండాలి. వదులైందా, అంచు గుండ్రబడిపోతుంది."

పరీక్షలప్పుడు కనిపించని శ్రద్ధ అబ్బాయిలో ఈ పాఠం దగ్గర కనిపించింది. రోజూ పొద్దున్నే బాత్రూమ్ తలుపు కొక్కేనికి పట్టీ తగిలించి సర్రు సర్రున లాగేవాడు. ఆ చప్పుడు వినగానే వంటింట్లో అమ్మ చేతిలో గరిటె ఆగిపోయేది. కాలు జారితే? తుమ్మొస్తే? సరిగ్గా అప్పుడే కరెంటు పోతే?

అందుకని ఆ రోజు బాగా ఆలోచించింది. తోలు మీద లాగకపోతే కత్తికి పదునుండదు. పదును లేని కత్తి కొయ్యదు. కొయ్యని కత్తితో భయం లేదు. ఇంత తెలివి తనకెలా వచ్చిందా అని ఆవిడకే ఆశ్చర్యం వేసింది. తనకు తెలివి వచ్చిన ప్రతిసారీ ఇంట్లో ఏదో ఒకటి మాడిపోయిందన్న సంగతి మాత్రం గుర్తురాలేదు. అబ్బాయి లేవకముందే పట్టీని చుట్ట చుట్టి, బీరువాలో వాళ్ళ నాన్న ప్యాంట్ల కింద దాచేసింది.

"అమ్మా! నా తోలు పట్టీ ఏదే?"

"నాకేం తెలుసురా? ఎలక ఎత్తుకుపోయిందేమో. ఇవాళ్టికి మీ నాన్న రేజర్ తీసుకో."

"ఎలక దాంతో ఏం చేస్తుంది, గడ్డం గీసుకుంటుందా? నాన్న రేజర్ తగిలితే నాకు మొహం నిండా దద్దుర్లు, తెలుసుగా."

"పోనీ మానెయ్యి. నీకు గడ్డం కూడా బాగుంటుందిరా."

"నాకు బాగానే ఉంటుంది. హోటల్ వాళ్ళకే బాగుండదు."

వాడు అటూ ఇటూ చూసి, కుర్చీకి వేలాడుతున్న నాన్న బెల్టు లాక్కుని బాత్రూమ్‌లో దూరాడు. అది పగుళ్ళిచ్చి, అంచులంతా కుట్లు లేచిన బెల్టు. ఈ దారి ఒకటుందని అమ్మకు తట్టలేదు.

పెరట్లో స్నానం ముగించి నాన్న వచ్చారు. "ఏమోయ్, నా బెల్టు కనబడట్లేదు."

"అక్కడే ఉంటుంది, సరిగ్గా చూసుకోండి" అంది అమ్మ, అలవాటుగా. ఆయన ఏనాడూ సరిగ్గా చూసుకోలేదు. ఆ రోజే చూసుకున్నారు. ప్యాంట్ల కింద కూడా చూసుకున్నారు.

"అబ్బో, కొత్త బెల్టే! ఎప్పుడు కొన్నావ్? చెప్పనే లేదు!"

నిజం చెబితే దొంగతనం బయటపడుతుంది. అమ్మ "ఊఁ" అంది.

"దీనికి బకిల్ లేదేంటి?"

"ఇప్పుడన్నీ అలాగే వస్తున్నాయట."

"బొక్కలు కూడా లేవే!"

"ఎవరి నడుం ఎంతో వాళ్ళకేం తెలుసు పాపం."

ఈ మాట ఆయనకు సబబుగా తోచింది. వెళ్ళి సుత్తి, మేకు తెచ్చుకుని గుమ్మం దగ్గర కూర్చున్నారు. పెళ్ళాం ముచ్చటపడి కొన్న బెల్టు కదా, ఆఫీసుకు కట్టుకెళ్ళకపోతే బాధపడుతుందని ఆయన పట్టుదల.

లోపల అబ్బాయి గడ్డం కింద కత్తి మొరాయిస్తోంది. బెల్టు కుట్ల మీద లాగడంతో ఉన్న పదును కూడా పోయింది. నురగతో పాటు జారిపోవలసిన కత్తి వెంట్రుకల్ని పట్టుకుని పీకుతోంది. వాడు ఇంకాస్త ఒత్తాడు. సరిగ్గా అప్పుడే గుమ్మం దగ్గర సుత్తి దెబ్బ ఠప్పున మోగింది.

"అబ్బా!"

అమ్మ పరిగెత్తింది. అయింది గోరంత గాటే. కానీ నురగలో కలిసిన నెత్తురు ఆవిడ కంటికి చెంబెడు కనిపించింది. "వామ్మో! నా కొడుకు పీక తెగిపోయింది!" అన్న కేక వీధి చివరిదాకా వెళ్ళింది. ఆ కేక తిరిగి వస్తూ అంబులెన్సును వెంటబెట్టుకుని వచ్చింది. పక్కింటావిడ పిలిపించిందన్నమాట.

"పేషెంట్ ఎవరండీ?" అన్నాడు అంబులెన్సు మనిషి లోపలికొస్తూ.

"నేనే. కానీ నాకేం కాలేదు" అన్నాడు అబ్బాయి, ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగగా.

"నేను కాదు" అన్నారు నాన్న. తోలు బొక్కల్లోంచి తాడు దూర్చి నడుముకు కట్టుకుంటున్నారాయన.

వచ్చినవాడు ఇద్దరినీ పరీక్షగా చూశాడు. తర్వాత గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారుతున్న అమ్మను చూశాడు. స్ట్రెచర్ ఆవిడ పక్కన దించాడు.

"బీపీ చాలా ఎక్కువుంది, పడుకోండమ్మా."

బండి కదిలింది. ఇంటర్వ్యూ వేళ దగ్గర పడుతోంది. "అన్నా, ఆ హోటల్ మీ దారిలోనే. నన్ను అక్కడ దింపేస్తారా?" అని బతిమాలుతూ అబ్బాయి ఎదురుగా కూర్చున్న తండ్రి నడుం చూశాడు.

"నాన్నా... అది నా తోలు పట్టీ!"

"పట్టీ ఏంట్రా, మీ అమ్మ కొన్న బెల్టు!"

ఇద్దరూ స్ట్రెచర్ వైపు తిరిగారు. స్పృహ తప్పడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదనిపించి అమ్మ కళ్ళు మూసుకుంది.

"పదునుంటే తెగేది కాదమ్మా. పదును లేకే తెగింది" అన్నాడు అబ్బాయి. స్పృహ తప్పిన మనిషికి ఆ మాట స్పష్టంగా వినిపించింది.

సగం గడ్డంతో, దవడకు దూదితో, అంబులెన్సు దిగి వచ్చిన అభ్యర్థిని హోటల్ మేనేజర్ అంతకుముందు చూడలేదు. ఏం జరిగిందని అడిగాడు. అబ్బాయి మొదటినుంచీ చెప్పాడు. ఆయన కాసేపు నవ్వి, తర్వాత కళ్ళు మూసుకుని విన్నాడు. "గొంతు చాలా బాగుందయ్యా. మొహం చూడకపోతే ఇంకా బాగుంది" అని ఉద్యోగం ఇచ్చేశాడు. రిసెప్షన్‌లో కాదు. వెనక గదిలో, ఫోన్ల దగ్గర.

మేనమామ కొత్త పట్టీ పంపించాడు. అమ్మ భయం మాత్రం తగ్గలేదు, అటుది ఇటు తిరిగిందంతే. కత్తి మొద్దుబారితే? వాడు లాగడం మరిచిపోతే? వాణ్ణి నమ్మలేక, వీపు ముందు, అంచు వెనక, పట్టీ బిగుతుగా పట్టుకుని పొద్దున్నే ఆవిడే లాగడం మొదలుపెట్టింది. ఆవిడ చెయ్యి అబ్బాయి చెయ్యికన్నా బాగా కుదిరింది. అబ్బాయేమో, ఫోన్‌లో మాట్లాడేవాడికి క్షవరం దేనికని గీసుకోవడమే మానేశాడు.

ఇప్పుడు ఆ ఇంట్లో రోజూ పెరిగేవి రెండే: కత్తి పదును, అబ్బాయి గడ్డం.